అడ్డకర్రలు

ఇసుకకు పైకప్పు ఉండదు. పోశం ఈ పనిలో చేరడానికి అసలు కారణం అదే. అడిగినవాళ్లకు మాత్రం వేరే కారణాలు చెప్పేవాడు. ఇంట్లో కూచుంటే పొద్దుపోవడం లేదనీ, కాళ్లకు కాస్త కదలిక ఉంటుందనీ, రిసార్టు వ్యాను గల్లీ దాకా వచ్చి ఎక్కించుకుపోతుందనీ చెప్పేవాడు. భార్య కొమురవ్వ కూడా అవే నమ్మింది. బతుకంతా బొగ్గుబాయిలో దిగినవాడు రిటైరయ్యాక కూడా పొద్దు పొడవకముందే లేచి ఇసుక సాపు చెయ్యడానికి పోతానంటే ఆమె ఒక పూట అలిగింది. ఆ తర్వాత టిఫిన్ గిన్నె కట్టివ్వడం మొదలుపెట్టింది.

పోశం బాయిలో సర్దార్. సర్దార్ అనగానే తలపాగా, కోరమీసాలు ఊహించుకోవద్దు. చేతిలో ఒక కర్ర, జేబులో ఒక సుద్దముక్క, అంతే. షిఫ్టుకు బాయిలోకి దిగిన జనాన్ని ఆపి సర్దార్ ఒక్కడే ముందు లోపలికి పోతాడు. కర్రతో పైకప్పును కొట్టి చెవి పెట్టి వింటాడు. ఖంగుమంటే మంచిది, డొల్లగా మోగితే చెడ్డది. మంచిదైతే బొగ్గు గోడ మీద సుద్దతో తారీకు వేసి, బయటికొచ్చి "పోండ్రి" అంటాడు. జనం పోతారు. చెడ్డదైతే దారికి అడ్డంగా రెండు కర్రలు కత్తెరలాగా కట్టేస్తాడు. ఆ అడ్డకర్రలు దాటి ఎవడూ పోడు. ఎంత పెద్ద ఆఫీసరైనా వాటి మీద చెయ్యి వెయ్యడు. కట్టినవాడే మళ్లీ వచ్చి చూసి, కట్టినవాడే విప్పాలి. మందమర్రి క్వార్టర్లలో పెరిగిన ఎవరికైనా ఇది ఉగ్గుపాలతో వచ్చిన తెలివి.

బొగ్గు మోసినవాళ్లకు నడుములు పోయాయి. పోశానికి పోయింది నిద్ర. "పోండ్రి" అన్న మాట ఒకసారి నోరు దాటాక వెనక్కి రాదు. ఇంటికొచ్చి మంచమెక్కితే చెవిలో మళ్లీ ఆ చప్పుడే. ఖంగుమందా, డొల్లగా మోగిందా? క్వార్టరు కప్పు వంక చూస్తూ పడుకునేవాడు. ఆయన మాట మీద లోపలికి పోయినవాళ్లెవరూ బండ కింద పడలేదు. పోశం చెవి దేవుడిచ్చిన చెవి అనేవాళ్లు జనం. పోశానికి మాత్రం ఇంకా జరగలేదనే అనిపించేది తప్ప, జరగదని ఏనాడూ అనిపించలేదు. రిటైరైన రోజు దండలు వేసి శాలువా కప్పి తోటివాళ్లంతా కళ్లు తుడుచుకుంటుంటే ఆయన మనసులో ఉన్నది ఒక్కటే: ఇక నన్నెవడూ అడగడు.

రిసార్టు జైపూర్ అవతల గోదావరి వైపు ఉంది. బొగ్గు అయిపోయి వదిలేసిన ఓపెన్‌కాస్టు గుంత పక్కన, తవ్విపోసిన మట్టిగుట్ట మీద గడ్డి పెంచి, ఎవరో హైదరాబాదు షావుకారు దాన్ని గోల్ఫు మైదానం చేశాడు. గుంతలో నీళ్లు నిండాయి. బంతి కొట్టడానికి వచ్చేవాళ్లు తక్కువే. చలికాలం వచ్చేసరికి మాత్రం ఎక్కడో హిమాలయాల అవతలి నుంచి, తల మీద నల్లగీతలున్న బాతులు గుంపులుగా వచ్చి ఆ నీళ్లలో దిగుతాయి. వాటిని చూడటానికి హైదరాబాదు నుంచీ నాగపూరు నుంచీ జనం దిగుతారు. ఆకురంగు బట్టలు వేసుకుని, మెడలో దుర్భిణులు వేలాడేసుకుని, పిట్టలు బెదురుతాయని గుసగుసలాడుతూ నడుస్తారు. ఒక పక్క కరెంటు ప్లాంటు రొద ఆగదు, ఇంకో పక్క బ్లాస్టింగు మోత. బాతులు వాటికే బెదరవు. అయినా వీళ్లది గుసగుసే.

మైదానంలో అక్కడక్కడ ఇసుక గుంతలుంటాయి. బంతి అందులో పడితే ఆడేవాడికి తిప్పలు. వాటిని బంకర్లంటారని తెలిసి పోశం నవ్వుకున్నాడు. ఆయనకు తెలిసిన బంకరు బొగ్గు నింపేది. పొద్దున్నే దంతె పట్టుకుని ఆ ఇసుకను సాపు చెయ్యడమే ఆయన పని. రాత్రంతా ఆ ఇసుక మీద తిరగని జీవం లేదు. నక్కలు, అడవిపందులు, మనుబోతులు, నెమళ్లు, అన్నీ అడుగులు వదిలి పోయేవి. పోశం వాటిని చెరిపేసేవాడు. అందులో ఆయనకు గొప్ప నెమ్మది ఉండేది. ఎవడు వచ్చాడో ఎటు పోయాడో ఆయనకు అక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. కొన్నాళ్లకు మేనేజరు ప్రశాంత్ వచ్చి, గెస్టులు ఫొటోలు తీసుకుంటారు, మంచి అడుగులుంటే ఒక గుంత చెరపకుండా వదలమన్నాడు. సరే అన్నాడు పోశం. అక్కడే మొదలైంది.

మార్గశిరం చలి. ఒళ్లంతా పచ్చిగా నొప్పులు. ఆ ఉదయం చివరి బంకరు దగ్గర ఒక అడుగు కనపడింది. కుక్కది కాదు, నక్కది కాదు. పోశం అరచెయ్యి వేళ్లు చాపి పక్కన పెడితే ఇంచుమించు అంత ఉంది. అడుగుల వరుస ఇసుక దాటి, మైదానం అంచు దాటి, నీళ్ల దాకా పరుచుకున్న మనిషి మునిగే గడ్డిలోకి పోయింది. బాతుల్ని చూసే వెదురు గుడిసె ఆ గడ్డికి అవతల, ఒడ్డున ఉంది. దారి ఆ గడ్డి మధ్య నుంచే.

భయం వేయాల్సింది. వేయలేదు. పోశానికి ముందు వచ్చింది అలసట. కాళ్లలోంచి మొదలై భుజాల దాకా పాకిన పాత అలసట. చేతిలో దంతె ఉంది. ఒక్కసారి లాగితే ఇసుక సాపు. చూసినవాడు లేడు. మంచులో బాతులు కూస్తున్నాయి. చివరికి దంతె పక్కన పడేసి ప్రశాంత్‌ను లేపడానికి పోయాడు.

ప్రశాంత్ చెడ్డవాడు కాదు. హన్మకొండ పిల్లవాడు, ఓనరు ఫోనుకూ గెస్టుల ఫోనుకూ మధ్య నలిగి కళ్ల కింద చారలు పడ్డవాడు. అడుగు చూసి ముఖం తెల్లబోయింది, వెంటనే ఫారెస్టు వాళ్లకు ఫోను చేశాడు. వాళ్లు వచ్చి కొలిచి, పులేనన్నారు. తావు వెతుక్కుంటూ తిరిగే పులులు ఈ చుట్టుపక్కల కొత్తేమీ కాదనీ, ఇది కూడా దాని దారిన పోతుందనీ, పోయేదాకా గడ్డిలోకి ఎవరినీ పంపొద్దనీ చెప్పి కెమెరాలు పెట్టారు.

కానీ వాళ్లు రాకముందే పోశం చేతులు ఒక పని చేసేశాయి. ఎవరూ చెప్పలేదు. గడ్డిలోకి పోయే దారి మొదట్లో రెండు వెదురు కర్రలు పాతి, కత్తెరలాగా వేసి, తన దస్తీ చింపి ముడి వేసేశాడు. చేతులకు తెలివి ఉండదు. అలవాటే ఉంటుంది. బీడీ వెలిగించుకుని వెనక్కి తిరిగి చూసుకున్నాక గానీ ఏం చేశాడో అర్థం కాలేదు. తాడు కట్టాలన్నా బోర్డు పెట్టాలన్నా రిసార్టులో మనుషులున్నారు. ఇది మాత్రం అడ్డకర్ర. కట్టినవాడి పేరు దానికి అంటుకుని ఉంటుంది. సుఖాన ఉన్న ప్రాణాన్ని తన చేత్తో తనే మళ్లీ బాయిలోకి దింపుకున్నాడు.

పొద్దెక్కాక గడ్డి కోసే ఆడవాళ్లు వచ్చారు. ముందు నడిచేది సారవ్వ. పోశం దగ్గర బొగ్గు కొట్టిన బిక్షం భార్య ఆమె. బిక్షం రిటైరయ్యాక ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. గెస్టులు వచ్చిన రోజు వెదురు గుడిసె దాకా చాయ్ ఫ్లాస్కులు మోసేది కూడా ఈ ఆడవాళ్లే. కర్రలు చూసి సారవ్వ టక్కున ఆగిపోయింది. పులా, పామా, గుంతా అని అడగలేదు. ఎవరు కట్టారని అడిగింది. పోశం అని తెలిశాక కొడవలి నడుముకు దోపి అందర్నీ వెనక్కి మళ్లించింది. ఆ నమ్మకం చూసి పోశానికి ఒళ్లు మండింది. అడగరెందుకు వీళ్లు? తమ బరువంతా ఒకడి నెత్తిన పెట్టేసి చేతులు దులుపుకుని ఇంత నిశ్చింతగా ఎలా ఉంటారు?

వారం తిరిగేసరికి ఫారెస్టు వాళ్లు మళ్లీ వచ్చారు. కెమెరాల్లో ఏమీ పడలేదు. గోదావరి ఇసుకలో అడుగులు అవతలి ఒడ్డుకు పోయి కనిపించాయి. మంథని వైపు దాటిపోయిందనీ, ఇక దారి వాడుకోవచ్చనీ, గుంపుగా చప్పుడు చేస్తూ పొమ్మనీ చెప్పారు. ప్రశాంత్ ప్రాణం లేచొచ్చింది. ఆ శనివారమే బాతుల కోసం హైదరాబాదు నుంచి పెద్దవయసు డాక్టర్ల బృందం వస్తోంది. ఆ రోజు తెల్లవారగానే తనే వెళ్లి ఆ రెండు కర్రలూ పీకి పక్కన పెట్టాడు.

కర్రలు లేవు. అయినా ఆడవాళ్లు కర్రలున్న చోటికొచ్చి ఆగారు. చాయ్ ఫ్లాస్కులు కింద పెట్టారు. వాళ్ల వెనక గెస్టుల బ్యాటరీ బండి నడిపే ఉపేందర్ కూడా బండి ఆపేశాడు. వాడి తండ్రి కూడా బాయి మనిషే. ప్రశాంత్ తన ఫోనులో అవతలి ఒడ్డున అడుగుల ఫొటో చూపించాడు. అందరూ మర్యాదగా చూశారు, బాగుందన్నారు, ఎవరూ అడుగు ముందుకు వెయ్యలేదు. కోప్పడ్డాడు, బతిమిలాడాడు. చివరికి సారవ్వ అసలు సంగతి చెప్పింది.

"తీసింది మీరు సారూ. కట్టింది పోశమన్న. కట్టినోడే ఇప్పాలె."

ప్రశాంత్ పోశం దగ్గరికి వచ్చాడు. పోశం బంకరు గట్టు మీద కూచుని కాళ్లు ఒత్తుకుంటున్నాడు. ఒక్క మాట చెబితే చాలు కాకా, వాళ్లు పోతారు, ఫారెస్టు వాళ్లు చూసే చెప్పారు కదా అని బతిమిలాడాడు ప్రశాంత్. ఆ గొంతులో కూడా నిద్రలేమి ఉంది. అదే పోశాన్ని మెత్తబరిచింది, లేకపోతే అప్పుడే టిఫిన్ గిన్నె తీసుకుని ఇంటిదారి పట్టేవాడు.

"నాకు పులి సంగతి ఏం తెల్వది సారూ. కప్పైతే కొట్టి సూస్త. గీడ ఏం కొట్టి సూడాలె?" అన్నాడు. "ఉత్తగ చెప్పుడే కదా అంటున్నరు. గా చెప్పుడే నాతోని కాదు."

రేపటి నుంచి పనికి రానని కూడా చెప్పాడు. దూరంగా సారవ్వ వీళ్లనే చూస్తోంది. ఇటు నుంచి తల ఊపితే చాలు, ఫ్లాస్కు నెత్తిన పెట్టుకుని ఆ గడ్డిలోకి నడిచిపోతుంది. విప్పను అంటే ఈ చలికాలమంతా దారి మూతపడుతుంది, ఆడవాళ్ల పని పోతుంది. విప్పుతాను అంటే, లోపల ఏమైనా ఉంటే, అది తన మాట. రెండూ మోయలేనివే. మోయలేనప్పుడు చెయ్యాల్సింది బాయిలో ఒక్కటే ఉండేది: నువ్వు ముందు పో.

పీకేసిన కర్రలు తెప్పించి ఉన్నచోటే మళ్లీ పాతి ముడి వేశాడు. పద్ధతి పద్ధతే. తోడు వస్తానని ప్రశాంత్ అంటే వద్దన్నాడు. దంతె కట్టె చేతిలోకి తీసుకుని, తల వంచి కర్రల కింది నుంచి దూరి గడ్డిలోకి పోయాడు.

లోపల మంచు గడ్డి మొదళ్లలోనే నిలబడి ఉంది. నాలుగు అడుగులకే చొక్కా తడిసింది. నేల మీద కట్టెతో కొడుతూ నడిచాడు. నేలను కొడితే పులి సంగతి ఏం తెలుస్తుంది? అయినా కొట్టాడు. ఊపిరి అందడం లేదు. తీతువు పిట్ట ఒకటి అరిచి లేచిపోయింది. దారికి అటూ ఇటూ చేతులతో గడ్డి పాయలు తీసి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. పందులు పెళ్లగించిన మట్టి ఉంది, పాత అడుగు ఒకటి ఎండి అంచులు రాలిపోయి ఉంది. వెదురు గుడిసె దాకా పోయాడు. దాని వెనక చూశాడు. ఒడ్డంతా చూశాడు. అప్పుడు మంచు విడిచింది.

గుడిసె పక్కన గడ్డి కొంత మేర పడిపోయి ఉంది. బర్రె పడుకుని లేచినట్టు అణిగి ఉంది. పడుకున్నదేదో పడుకుని పోయి రోజులయింది. అణిగిన గడ్డి మీద కొత్త మొలకలు లేచాయి. ఆ చోట ఎండ పడుతోంది. ఎదురుగా నీళ్ల మీదా ఒడ్డు మీదా బాతులు వందల కొద్దీ, ఒంటికాలి మీద కొన్ని, రెక్కలో తల పెట్టుకుని కొన్ని. ఇన్నాళ్లూ గెస్టులు గుసగుసలాడుతూ చూసేది దీన్నా అనుకున్నాడు. పని చేస్తూ రెండు చలికాలాలు గడిచినా ఆయన వీటిని కూచుని చూసింది లేదు. ఊపిరి పీల్చుకోవడానికి కూచున్నాడు. ఇక చెయ్యాల్సిందల్లా లేచి పోయి ఆ మాట చెప్పడమే. మళ్లీ ఆ మాట. ఒక్క నిమిషం ఆగి చెబుదాం అనుకున్నాడు. ఇక్కడున్నంతసేపూ ఎవరూ అడగరు. వెనక్కి ఒరిగాడు. పైన కప్పు లేదు, ఉత్త ఆకాశం. ఏళ్ల తరబడి మందమర్రిలో ఎదురుచూసినా రాని నిద్ర అక్కడ, పులి పడుకున్న పరుపు మీద వచ్చింది.

బయట ఏం జరిగిందో తర్వాత ఉపేందర్ చెబితే తెలిసింది. ముందు కేకలు వేశారు. జవాబు లేదు. ప్రశాంత్ ఫారెస్టు వాళ్లకు ఫోను చేస్తే బయల్దేరి వస్తున్నామనీ, వచ్చేదాకా కదలొద్దనీ చెప్పారు. ఆడవాళ్లలో ఒకామె ఏడుపు మొదలుపెట్టింది. డాక్టర్ల బృందం బండ్లలోనే కూచుని ఏమైందని అడుగుతోంది. అప్పుడు సారవ్వ లేచి చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. కర్రల ముడి మీద చెయ్యి వేసింది. ఉపేందర్ చెయ్యి అడ్డం పెట్టి, కట్టినోడే ఇప్పాలె కదవ్వా అన్నాడట.

"కట్టినోడు లోపల్నే ఉండె. ఇగ ఎవలు ఇప్పాలెరా?"

అని ముడి విప్పేసి, ఒక చేతిలో కొడవలి, ఒక చేతిలో చాయ్ ఫ్లాస్కు పట్టుకుని గడ్డిలోకి నడిచిపోయింది. ఫ్లాస్కు ఎందుకు తీసుకుపోయిందో ఆమెకే తెలియదు.

ముఖం మీద నీడ పడి పోశం కళ్లు తెరిచాడు. సారవ్వ నిలబడి ఉంది. ముందు ఆమె కళ్లు ఆయన మెడ మీద, చేతుల మీద, కాళ్ల మీద తిరిగాయి. నెత్తురు వెతుకుతున్నాయని ఆయనకు ఆలస్యంగా అర్థమైంది. తర్వాత ఆమె పక్కనే కూలబడింది. నిద్రపోయావా అని అడిగింది. అవునన్నాడు. సిగ్గేసింది. ఆ సిగ్గు మీదికి సర్దార్ కోపం తెచ్చుకుని, నేను చెప్పకముందే కర్రలెందుకు దాటినవని గద్దించాడు. సారవ్వ ఫ్లాస్కు మూత తీసి చాయ్ పోసింది.

"మా ఆయన బాయిల ఉన్నన్ని దినాలు నువ్వు ముందుగాల వోయినవ్, ఆయన ఎనుక వోయిండు. నాకు ఫికరే లేకుండె," అంది. "మరి నీ ఎనుక ఎవలు వస్తరని నేనెన్నడు అనుకోలే. గా కర్రల కాడ కూసున్నంక అనుకున్న."

పోశానికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. పెద్దవాడు, మీసాలు తెల్లబడ్డవాడు, చాయ్ కప్పు ముందు పెట్టుకుని ఏడ్చాడు. బాయిలో ఉన్నన్నాళ్లూ ఆయన వెనక్కి తిరిగి చూస్తే అడ్డకర్రలకు అవతల జనం టోపీల మీది లైట్లు వరుసగా ఆగి ఉండేవి. తన మాట కోసం అవి ఆగాయనుకున్నాడు గానీ, ఆయన కోసం ఒక్కటైనా ముందుకు రావచ్చునని ఆయనకు కూడా ఎప్పుడూ తట్టలేదు. సారవ్వ ఓదార్చలేదు. నీళ్ల వైపు చూస్తూ, ఇవేనా ఆ బాతులు, ఇంత దూరం వచ్చి చూసేది వీటినేనా అని అడిగింది. ఆమె కూడా చాయ్ మోయడమే గానీ కూచుని చూసింది లేదు. చాయ్ అయిపోయేదాకా ఇద్దరూ చూశారు.

బయటికి వచ్చేసరికి అందరూ పోశం ముఖంలోకే చూశారు. ప్రశాంత్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫారెస్టు వాళ్ల జీపు అప్పుడే వచ్చి ఆగింది. పోశం నోరు తెరిచాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అది గమనించిందో లేదో, సారవ్వ కొడవలి నడుముకు దోపుకుంటూ తనే అనేసింది.

"నేను సుత సూసొచ్చిన. ఏం లేదు. పోండ్రి."

అందరూ కదిలారు. ఫారెస్టు వాళ్లు, ఫ్లాస్కులతో ఆడవాళ్లు, ఆకురంగు బట్టల డాక్టర్లు. గుంపుగా చప్పుడు చేస్తూ పొమ్మన్నారు కాబట్టి ఆ ఒక్క రోజు గుసగుసలు లేవు. పోశం అందరికంటే చివర నడిచాడు. వెనక నడవడం కొత్తగా ఉంది.

సాయంత్రం వ్యానులో ఆడవాళ్లంతా ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోయారు. సారవ్వ మాత్రం కిటికీకి తల ఆనించి కళ్లు తెరుచుకునే ఉంది. శ్రీరాంపూర్ దగ్గర షిఫ్టు దిగినవాళ్లు రోడ్డు దాటుతుంటే వ్యాను ఆగింది. అప్పుడు ఆమె మెల్లగా, రేపు కూడా ఆ దారినే పోతారు కదన్నా, నిజంగా ఏమీ లేదు కదా అని అడిగింది. గుడిసె వెనక చూశావా, ఎడమ పక్క మనం సరిగ్గా చూశామా అని అడిగింది. ఆ చూపు పోశానికి బాగా తెలుసు. అది ఎన్నో ఏళ్లు ఆయన అద్దంలో చూసుకున్నది. ఒక్క మాటకు ఒక్క పూటలో అది ఆమెకు అంటుకుంది. తన బరువు దిగిందని మధ్యాహ్నం నుంచి ఎంత తేలిగ్గా తిరిగాడో గుర్తొచ్చి ఆయనకు కష్టమనిపించింది. రేపటి నుంచి రానని ప్రశాంత్‌తో అన్న మాట కూడా గుర్తొచ్చింది.

"రేపటి సంది ఇద్దరం పోదాం చెల్లె, ముందుగాల," అన్నాడు. "నువ్వో పక్క, నేనో పక్క. ఇప్పుడైతే పండుకో."

ఆమె తల ఊపింది గానీ కళ్లు మూసుకోలేదు. పోశం కూడా మూసుకోలేదు. మందమర్రి వచ్చేదాకా ఇద్దరూ కూచునే ఉన్నారు.